క్యాన్లు కడిగిన నీళ్లు

క్యాన్లమ్మ చేతులు చూసి వయసు చెప్పమంటే ఎవరైనా తప్పే చెబుతారు. మోచేతుల దాకా యాభై నాలుగేళ్లు, మణికట్టు దిగితే ఎనభై. ఇరవై ఆరేళ్లుగా రెండు పూటలా వేడినీళ్లలో, సోడాలో నానిన చేతులవి. ఇక ఒంటికి పట్టిన పాలవాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె భర్త దర్జీ. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని చొక్కాలు కుడతాడు. ఆమె గుమ్మం దాకా రాకముందే, సూది మీంచి చూపు తిప్పకుండానే, "వచ్చావా పెరుగు డబ్బా!" అంటాడు. ఆమె కూడా ఊరుకునే రకం కాదు. "వచ్చాన్లే దారపుండా, లేచి టీ పెట్టు" అంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో వాళ్లిద్దరికీ ఇంతకంటే ముద్దు మాటలు దొరకలేదు, వెతుక్కోనూ లేదు.

ఆమె పనిచేసే పాల సెంటరు పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. చుట్టుపక్కల పశువులున్న వాళ్లు పొద్దునా సాయంత్రం క్యాన్లలో పాలు తెస్తారు. కొలిచే ఆయన వెన్న ఎంతుందో చూసి, కొలిచి, స్టీలు ట్యాంకులో పోయిస్తాడు. చల్లబడ్డ పాలను లారీ పట్టుకుపోతుంది. మిగిలేవి ఖాళీ క్యాన్లు, రోజుకు నూట ఎనభై. వాటిని కడిగేది ముగ్గురు ఆడవాళ్లు. అందులో ఒకామె క్యాన్లమ్మకు స్వయానా వదిన, అన్న భార్య. ముగ్గురిలో పెత్తనం మాత్రం క్యాన్లమ్మది.

ఆమె దగ్గర క్యానుకు మూడు కడుగులు. తొలి కడుగు చన్నీళ్లతో. వేడినీళ్లు ముందే పోస్తే పాలు ఉడికి రేకుకు అంటుకుంటాయి, ఆ తర్వాత ఎవరు తోమినా వదలవు. రెండోది మరిగే నీళ్లలో సోడా కలిపి, బ్రష్షుతో. మూడోది మామూలు నీళ్లతో. ఆపైన క్యాను మెడలో ముక్కు దూర్చి వాసన చూస్తుంది. ముక్కు ఒప్పుకుంటే బోర్లిస్తుంది, ఒప్పుకోకపోతే మళ్లీ మొదటికి. "నీ ముక్కు కోసం మా నడుములు పోతున్నాయే" అని వదిన సణుగుతుంది. సణిగినా కడుగుతుంది.

ఇన్నేళ్లూ క్యాన్లమ్మ క్యాను అడుగును చూసింది గానీ, క్యాను నుంచి పోయే నీళ్లను చూడలేదు. మూడు కడుగుల నీళ్లూ గచ్చు మీద కలిసి, గోడకున్న కంతలోంచి వెనక్కి పోయేవి. గోడకు అవతల ఏముందో ఆమెకు పట్టలేదు. ఇంట్లో తూము కింద ఏముందో మనకు మాత్రం ఎప్పుడు పట్టింది గనక!

పట్టాల్సిన రోజు రానే వచ్చింది. సెంటరు వెనక వీధివాళ్లు కిటికీలు తెరవలేకపోతున్నామని, అన్నం ముద్ద నోటికి పోవడం లేదని ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టారు. ఒక ఆఫీసరు వచ్చాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్లి, అంతకంటే వేగంగా తిరిగొచ్చి, మేనేజరు చేతిలో ఒక కాగితం పెట్టాడు. వెనకున్న మురుగుగుంట ఆరు నెలల్లో పోవాలి. పోకపోతే సెంటరుకు తాళం. పాలు నలభై కిలోమీటర్ల అవతలి సెంటరుకు పోతాయి.

పాలు లారీ ఎక్కి ఎక్కడికైనా పోతాయి. మనుషులు పోలేరు కదా. పాలు పోసేవాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు, అందరూ మూడు లీటర్ల తాత అంటారు. ఒకే ఒక్క గేదె. అది ఎండకూ వానకూ పూటకు కొలిచినట్టు మూడు లీటర్లే ఇస్తుంది, ఆయన కొలిచినట్టు రెండు పూటలా క్యాను మోసుకుంటూ నడిచి వస్తాడు.

"సెంటరు మూస్తే నా గేదె పాలు ఎక్కడ పొయ్యాలమ్మా? లారీ వెనకాల పరిగెత్తమంటావా?" అని ఆయన క్యాన్లమ్మను అడిగాడు, ఆమే మూయిస్తున్నట్టు.

"నన్నడుగుతావేం తాతా, నేనేమన్నా మేనేజర్నా?" అని కసిరింది గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం పని అయ్యాక, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి గోడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లింది.

రెండు బస్సులు పక్కపక్కనే నిలిపితే ఎంతో అంత గుంట. నల్లగా, పైన తెట్టు కట్టి, ఉండుండి ఒక బుడగ పైకొచ్చి చిట్లుతోంది. వాసన కొడవలి పెట్టి కోసినట్టుంది. మనిషి ఇన్నేళ్లూ శుభ్రం, శుభ్రం అని చేతులు అరగదీసుకుని, ఆ శుభ్రంలోంచి ఇంత రోత పుట్టించిందా! 'ఇదంతా నేను పోసిందే' అనుకుంది. సిగ్గుతో కుంచించుకుపోయింది.

వెనక్కి తిరగబోతూ తల ఎత్తింది. గుంట అంచున ఒక అవిశ చెట్టు. ఎవరు నాటారో, ఏ పిట్ట తెచ్చి పడేసిందో. వానలు పోయి రెండు నెలలు, చుట్టూ గడ్డిపోచ కూడా ఎండి పొట్టులా ఉంది. ఆ చెట్టు మాత్రం గోడకు రెండింతలు ఎత్తున, అప్పుడే స్నానం చేయించిన పిల్లలా పచ్చగా నిలబడి ఉంది. ఆమె కాసేపు ముక్కు మూసుకోవడం మర్చిపోయి చూసింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లింది. గుమ్మం దగ్గరే చెప్పులు వదిలి, చేతులు చీరకు తుడుచుకుంటూ, "సార్, ఆ చెట్టు తాగుతోంది" అంది.

మేనేజరు ఫైలు మీంచి తలెత్తాడు. "ఎవరు తాగుతున్నారు?"

"చెట్టు సార్. వెనక. మన నీళ్లు. ఒక్క చెట్టు అంత తాగితే, నాలుగొందల చెట్లు ఎంత తాగుతాయి?"

మేనేజరు చెడ్డవాడు కాదు, ఏం చేయాలో తోచనివాడు. నీళ్లు శుభ్రం చేసే మిషను పెట్టమని పైవాళ్లకు రాస్తే రెండేళ్ల మాట అన్నారట. సెంటరు వెనక, గుంటకు ఇవతల, అర ఎకరం ఖాళీగా ఉంది. తుప్పు పట్టిన డ్రమ్ములూ, విరిగిన బల్లలూ తప్ప అందులో ఏమీ లేవు. తల గోక్కుని, "సరేనమ్మా. గుంట పోతే మీ అదృష్టం, పోకపోతే మన ఖర్మ" అన్నాడు.

ఆమె జన్మలో ఒక మొక్క నాటి ఎరగదు. అద్దె ఇళ్లలో పుట్టి, అద్దె ఇళ్లలో పెరిగిన మనిషి. అందుకే నర్సరీ ఆయన దగ్గరికి వెళ్లి, నీళ్లు బాగా తాగే మొక్కలు కావాలని, సారాకొట్టు ముందు నిలబడ్డట్టు అడిగింది. ఆయన పగలబడి నవ్వి, విషయం విన్నాక నవ్వు ఆపాడు.

"పశువులు మేసే చెట్లు పెట్టమ్మా. అవిశ, సుబాబుల్. కొమ్మలు కోసేకొద్దీ చిగురేస్తాయి. చిగురేసేకొద్దీ నీళ్లడుగుతాయి. ఊరికే నీడకు పెట్టావనుకో, పెరిగి ఊరుకుంటాయి."

నాలుగు వందల మొక్కలు, పదహారు వరసలు, వరసకు పాతిక. ముగ్గురు ఆడవాళ్లూ, కొలిచే ఆయనా, చివరికి మేనేజరు కూడా ప్యాంటు మడిచి గుంతలు తీశారు. నీళ్లు గుంటలోకి పోకుండా గోడ కంత దగ్గర్నుంచి కాలువ తవ్వి వరసల మీదికి మళ్లించారు.

ఇక్కడే క్యాన్లమ్మ తప్పు చేసింది. పాల దగ్గర బతికినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

మూడు కడుగుల నీళ్లూ ఒకటి కావు కదా. సోడా నీళ్లు మొక్కకు మంచివి కావని ఆమెకు తెలుసు, వాటిని విడిగా డ్రమ్ములో పట్టించింది. చివరి కడుగు నీళ్లు పలచనివి, వాటిని పదిహేను వరసలకు పంచింది. కానీ తొలి కడుగు నీళ్లున్నాయే, తెల్లగా, చిక్కగా, సగం పాలే! పాలకంటే బలం ఏముంటుంది? ఎండిన పిల్లకు పాలు పడతాం, లేవలేని ముసలాళ్లకు పాలు పడతాం. ఆ నీళ్లను గోడ పక్కనున్న మొదటి వరసకు దాచిపెట్టింది. ఆ పాతికా ఆమె ముద్దుబిడ్డలు. పొద్దున్నే స్వయంగా బక్కెట్టుతో పోసేది. "తాగండి, తాగండి, బలం వస్తుంది" అనేది. వదిన అటుపోతూ, "సవతి పిల్లలకేమో ఉత్త నీళ్లా?" అని దెప్పేది.

మూడు వారాలకు సవతి పిల్లలు మోకాలి దాకా వచ్చారు. ముద్దుబిడ్డలు పసుపు పచ్చబడ్డారు. ఆకలేస్తోందేమో అనుకుని ఆమె ఇంకో బక్కెట్టు పోసింది. అవి ఆకులు రాల్చాయి. ఇంకో బక్కెట్టు పోసింది. నెల తిరిగేసరికి పాతికకు పాతికా కట్టెపుల్లలై నిలబడ్డాయి. పైగా ఆ వరస దగ్గర వాసన మొదలైంది. ఏ వాసన పోగొట్టడానికి ఇదంతా చేశారో, ఆ వాసనే.

గునపం తీసుకుని ఒకదాన్ని పెకలించింది. పైన మట్టి మీద వెన్న పేరుకుని, గోడకు గిలాబా చేసినట్టు బిగుసుకుపోయి ఉంది. గాలి చొరదు, నీరు దిగదు. దాని కింద మట్టి నల్లగా, జిగటగా ఉంది. వేరు కుళ్లి చేతిలోకే ఊడి వచ్చింది. ఆ పెద్ద గుంటను పోగొడతానని బయల్దేరి, తన చేత్తోనే పాతిక చిన్న గుంటలు చేసింది! ఆమె అక్కడే చతికిలబడింది. గడువులో అప్పటికే రెండు నెలలు అయిపోయాయి. ఈ తెల్లనీళ్లను ఏం చేయాలో తేలకపోతే అవి మళ్లీ గుంటలోకే పోవాలి, పోతే సెంటరుకు తాళమే.

"లే, ఏడ్చింది చాలు. రెండో వరసది కూడా ఒకటి పీకి చూద్దాం" అంది వదిన. అప్పటిదాకా దెప్పిన మనిషే, ఇప్పుడు చెయ్యి పట్టుకుని లేపింది.

ప్రాణమున్న మొక్కను పీకడానికి మనసు రాలేదు. పక్కన మెల్లగా తవ్వుకుంటూ పోయారు. మొక్క మోకాలెత్తు. వేరు మాత్రం ఎంత తవ్వినా తరగడం లేదు. జానెడు, మూరెడు, ఆమె చెయ్యి భుజం దాకా గుంతలోకి దిగినా ఇంకా కిందికి పోతూనే ఉంది. సన్నగా, తెల్లగా, దర్జీ చేతిలో దారంలా. చుట్టూ మట్టి తడిగా, పొడిపొడిగా, వానవాసన కొడుతోంది. ఆమె ఒక ముద్ద తీసి, క్యాను వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇరవై ఆరేళ్లు లక్షల క్యాన్లను ఒప్పుకున్న, ఒప్పుకోని ముక్కు అది. ఇంత శుభ్రమైన వాసన ఎప్పుడూ చూడలేదు. తాను మూడుసార్లు కడిగి, సోడా వేసి, నడుము విరగ్గొట్టుకుని చేసే పనిని ఈ మట్టి, ఈ దారప్పోగు, ఉలుకూ పలుకూ లేకుండా చేసేస్తున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, మిషను పక్కన పీట వేసుకు కూర్చుని భర్తకు అంతా చెప్పింది. ఆయన వెక్కిరించలేదు. నోట్లోని సూది తీసి గుండీల డబ్బాలో వేసి, "వెన్న దిగకుండా నీళ్లు దిగాలి, అంతేనా?" అన్నాడు. పాత జీన్సు ప్యాంట్ల కాళ్లు విప్పి, రెండు మడతలు వేసి, మూడు మూరల సంచి కుట్టాడు. కంత దగ్గర దాన్ని తగిలించి, కింద ఇసుకా గులకరాళ్లూ పోసిన తొట్టి పెట్టారు. తెల్లనీళ్లు సంచిలో వెన్న వదిలేసి, తొట్టిలో ఒక పూట నిలిచి, ఆ తర్వాతే కాలువలోకి దిగేవి. సంచిని రోజూ విప్పి గీకి ఉతికేది వదిన, సణుగుతూనే. సోడాను సగానికి సగం తగ్గించి బ్రష్షు రెండింతలు తోమారు, ఆ కొద్ది సోడా నీళ్లను చివరి కడుగు నీళ్లలో బాగా పలచన చేశారు. మిగిలిన పదిహేను వరసలను ఐదేసి చొప్పున మూడు భాగాలు చేసి, ఒక రోజు తాగితే రెండు రోజులు విశ్రాంతి ఇచ్చారు. "నాకు ఇరవై ఆరేళ్లలో ఇవ్వలేదు విశ్రాంతి" అని వదిన ఆ చెట్లను చూసి కుళ్లుకుంది.

ఇక చూడాలి ఆ చెట్ల దూకుడు! వారం తిరక్కుండానే మారిపోయేవి. నడుము దాటాయి, భుజం దాటాయి. అవిశలైతే క్యాన్లమ్మ తలెత్తి చూసేంతకు పోయాయి. అవతల గుంటకు నీళ్లు అందక, ఎండకు అంచులు వెనక్కి జరుగుతూ, నాలుగో నెలకు బురద అయింది, ఐదో నెలకు బీటలు వారింది. వెనక వీధిలో ఒక కిటికీ తెరుచుకుంది, ఆ తర్వాత ఇంకోటి. ఆమె రోజూ పని అయ్యాక వరసల మధ్య నిలబడేది. ఊరికే నిలబడటానికే. వదిన ఎంత పిలిచినా పలికేది కాదు.

ఆరో నెల చివర్న ఆఫీసరు వచ్చాడు. సరిగ్గా క్యాన్లు కడిగే వేళ. చేతిరుమాలు సిద్ధంగా పట్టుకుని వెనక్కి నడిచి, గుంట కోసం వెతికాడు. లేదు. మళ్లీ వెతికాడు. మొహం చిట్లించుకున్నాడు.

"నీళ్లు ఎక్కడికి మళ్లించారు?" అని మేనేజర్ని నిలదీశాడు. "రోజూ నాలుగు వేల లీటర్లు. మాయమవుతాయా? రాత్రికి రాత్రి పైపు వేసి వీధి డ్రైనేజీలో కలిపేశారు కదూ?"

"లేదు సార్, చెట్లకు..." అని మేనేజరు నసిగాడు.

"ఇవా? ఈ పిల్ల చెట్లా? నాకు కథలు చెప్పకండి. దొంగ పైపు దొరికితే ఇవాళే తాళం వేస్తాను."

గుంట పోకపోతే తాళమన్నారు. మరీ పూర్తిగా పోయినందుకు కూడా తాళమేనా? క్యాన్లమ్మ జన్మలో ఏ ఆఫీసరుతోనూ మాట్లాడి ఎరగదు. ఒక కడిగిన క్యాను తెచ్చి, వరసల ముందు బోర్లించి, చీరకొంగుతో దాని అడుగు తుడిచింది.

"కూర్చోండి బాబూ. ఇవాళ నీళ్లన్నీ మీ కళ్ల ముందే వదులుతాను. ఒక్క బక్కెట్టు ఎటన్నా పోయిందంటే తాళం మీ చేతికి నేనే ఇస్తాను."

ఆయన కూర్చున్నాడు, గడియారం చూసుకుంటూ. తొట్టి మూత తీసింది. నీళ్లు కాలువలో వచ్చి, ఐదు వరసల్లోకి చీలి, చెట్ల మొదళ్ల చుట్టూ చేరాయి. ఆయన లేచి కాలువ చివరిదాకా వెళ్లి చూశాడు. పైపు లేదు. తిరిగొచ్చి కూర్చున్నాడు. అప్పుడు వినిపించింది. ఎండిన నేల బీటల్లోంచి గాలి బుడగలుగా పైకొస్తూ, నీళ్లు లోపలికి దిగుతున్న చప్పుడు. గుటకలు. నేల గటగటా తాగుతోంది. ఆ చప్పుడు క్యాన్లమ్మ వినడం కొత్త కాదు, అయినా చెవి ఒగ్గి వింది. ఆఫీసరు ఎప్పుడు గడియారం చూడటం మానేశాడో, ఎప్పుడు చేతిరుమాలు జేబులో పెట్టేశాడో ఎవరూ గమనించలేదు.

రెండు గంటలకు నేల మీద నీళ్ల చుక్క లేదు. ఆయన వంగి, గునపం అడిగి తీసుకుని, తానే తవ్వాడు. చెయ్యి పెట్టి మట్టి తీసి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఏం వేశారమ్మా ఇందులో?"

"ఏం వెయ్యలేదు బాబూ. మొదట పాలు పోసి పాతిక చెట్లను చంపాను. తర్వాత నేర్చుకున్నాను."

ఆయన నవ్వలేదు. కాగితం మీద సంతకం పెట్టి, చెప్పులకంటిన మట్టి కూడా దులుపుకోకుండా వెళ్లిపోయాడు. మేనేజరు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా గచ్చు మీద కూర్చుండిపోయాడు.

ఆ వారమే చెట్లను నడుమెత్తున తొలికోత కోశారు. మోపులు కట్టి, పాలు పోసేవాళ్లకు తలా కొంచెం పంచారు. మొదటి మోపు క్యాన్లమ్మే మూడు లీటర్ల తాత భుజాన పెట్టింది. ఆయన దాన్ని మోసుకుంటూ వెళ్లడం చూస్తే, మనిషి కనిపించలేదు, ఆకులే నడిచి వెళ్తున్నట్టుంది. ఆ తర్వాత కూడా కొత్త కొమ్మలు కోసి పెడుతుంటే రోజూ ఒక మోపు తీసుకెళ్లేవాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున తాత వచ్చి క్యాను దించాడు. కొలిచే ఆయన పాలు కొలిచి, ఆగాడు. మళ్లీ కొలిచాడు.

"తాతా, నీళ్లు కలిపావా?"

"నా నోట్లో మన్ను పడ, పదకొండేళ్లలో ఎప్పుడన్నా కలిపానా?"

వెన్న చూశాడు. ఎప్పటికంటే ఎక్కువే ఉంది. "మూడున్నర" అన్నాడు మెల్లగా. తాత నోరు వెళ్లబెట్టాడు. "ఇక నీకు పేరు మార్చాలి" అంది వదిన, అందరూ నవ్వారు.

క్యాన్లమ్మ నవ్వలేదు. ఖాళీ అయిన ఆ క్యానును తన ముందుకు లాక్కుంది. లోపల అంచు చుట్టూ, ఎప్పుడూ ఉండే చోటికి ఒక వేలెడు పైన, పాలు నిలిచిన గుర్తు. ఆ వేలెడు పాలనే చూస్తూ ఉండిపోయింది. ఈ క్యాను కడిగిన నీళ్లే. గోడ దాటి, సంచి దాటి, మట్టి దాటి, ఆకై, మోపై, ఒక ముసలాయన భుజమెక్కి, గేదె పొట్టలో తిరిగి, మళ్లీ ఈ క్యానులోకే వచ్చాయి. కళ్లు నీళ్లతో నిండిపోయాయి, తుడుచుకోలేదు, చేతులు తడిగా ఉన్నాయి.

చన్నీళ్లు పోసి, క్యాను గుండ్రంగా తిప్పి, తొలి కడుగు వంచింది. తెల్లని నీళ్లు గచ్చు మీద పరుచుకుని కంత వైపు కదిలాయి. ఇరవై ఆరేళ్లూ వాటికి వీపు చూపించిన మనిషి, ఈసారి కంత దాటేదాకా చూసి, ఇంట్లోవాళ్లను గుమ్మం దాకా సాగనంపినట్టు అంది:

"వెళ్లి రా."